ఐదున్నర గంటలా, పదకొండు గంటలా

జూన్ 9, జొహానెస్‌బర్గ్

ఆదిస్ అబాబా నుంచి అస్రత్ అన్నయ్య ఫోన్ చేశాడు. అమ్మకి కొంచెం నలతగా ఉందట. ఓసారి వచ్చి పొమ్మన్నాడు. ఏమైందని అడిగితే ముసలితనమన్నాడు. ఫోన్ అమ్మకివ్వమంటే నిద్రపోతోందన్నాడు. పొద్దున పదింటికి! కాఫీ గింజలు వేయించే వేళకి మా అమ్మ ఏనాడు పడుకుంది?

జూన్ 10

ఇక్కడ జూన్ అంటే చలికాలం, దుప్పట్ల సీజన్. మా షాపు కిటకిటలాడుతోంది. నేను మాత్రం ఫోన్‌లో ఫ్లైట్లు వెతుక్కుంటున్నాను.

ఇక్కడికీ అక్కడికీ నాలుగు వేల కిలోమీటర్ల పైనే. డైరెక్ట్‌కి ఐదున్నర గంటలు, కానీ పదిహేనో తేదీ దాకా సీట్లు లేవు. నైరోబీ మీదుగా అయితే ఎల్లుండే బయల్దేరొచ్చు, పదకొండు గంటలు పడుతుంది. అన్నయ్యని అడిగితే, తొందరేం లేదు, హాయిగా డైరెక్ట్‌లోనే రమ్మన్నాడు. తొందర లేకపోతే పిలవడమెందుకు? పిలిచాక తొందర లేకపోవడమేమిటి? నాకు బుర్ర పనిచేయడం లేదు.

సాయంత్రం, 5

నైరోబీదే కొన్నాను. ముందు చేరడం ముఖ్యం.

జూన్ 11

పక్క షాపు ఎల్ఫినేష్ అక్క మూడు పూటలా మా ఊరి ఇంజెరా రొట్టెలు చేసి తెస్తోంది. ఎదురుగా కూర్చుని తినిపిస్తోంది. ఇవాళ నా పెట్టె కూడా తనే సర్దింది. నేను పెట్టిన ఎర్ర గౌను తీసి పక్కన పెట్టింది. అక్కడ చలిగా ఉంటుందట. ఇక్కడ మాత్రం ఎండలు మండిపోతున్నాయా?

ఆరేళ్ళ క్రితం అక్క వాళ్ళ నాన్న పోయినప్పుడు ఆమె పెట్టె నేనే సర్దాను. జ్వరమే అక్కా, తగ్గిపోతుంది అని మొహం మీదే అబద్ధమాడాను. మా ఇథియోపియా వాళ్ళలో చావు కబురు ఫోన్‌లో చెప్పరు. మనిషిని రప్పించి, కడుపు నిండా తిండి పెట్టి, తెల్లవారగానే నలుగురూ కలిసి వచ్చి చెప్తారు.

అడిగేశాను. "అక్కా, నిజం చెప్పు."

"నలతేనే, యెషీ. తగ్గిపోతుంది."

కానీ ఆవిడ ఎప్పుడూ ఇలాగే ఉంటుంది కదా. ఎవరికి ఒంట్లో బాగోకపోయినా వండి తెస్తుంది. నేనే ఏదేదో ఊహించుకుంటున్నాను.

జూన్ 12, నైరోబీ ఎయిర్‌పోర్ట్, మధ్యాహ్నం 1

ఇంకా మూడు గంటలు కూర్చోవాలి. పొద్దుట్నుంచీ ఆలస్యమవుతోందని ఏడ్చాను. ఇప్పుడు భయమేస్తోంది. ఇక్కడ కూర్చున్నంతసేపూ అమ్మకి నలత మాత్రమే. విమానం ఎక్కకపోతే ఏమవుతుంది? ఎక్కకుండా ఉంటానా, పిచ్చిదాన్ని కాకపోతే. బతికుంటే నా కోసం గుమ్మంలోనే కూర్చుని ఉంటుంది.

సాయంత్రం, ఆదిస్

అన్నయ్య ఇంటికి తీసుకెళ్ళలేదు. అలసిపోయావంటూ పిన్ని ఇంట్లో దించాడు. పిన్ని కోడి కూర వండింది. ఒకటే కొసరి కొసరి వడ్డించింది. నా మొహం మాత్రం చూడలేదు.

తిన్నాను. ఏమీ అడగలేదు.

జూన్ 13

తెల్లవారుతుండగా తలుపు కొట్టారు. అన్నయ్య, చర్చి ఫాదర్, నల్లబట్టల్లో చుట్టాలు. వాళ్ళు నోరు విప్పకముందే ఎప్పుడని అడిగాను.

"పద్దెనిమిది రోజులైంది, యెషీ."

పద్దెనిమిది రోజులు. నేనేమో ఐదున్నర గంటలా, పదకొండు గంటలా అని కొట్టుకు చచ్చాను.