తెల్ల ప్లగ్గు, కాఫీ రంగు ప్లగ్గు

అన్నయ్యకి, వదినకి నమస్కారాలు. చిట్టిదానికి ముద్దులు.

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. మీరంతా కులాసానా? వదిన మోకాలి నొప్పి తగ్గిందా? మన మెకానిక్ షెడ్డు రేకులు కారుతున్నాయన్నావ్, మార్పించావా? ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు గానీ, సగం వినగానే తిట్లు లంకించుకుంటావని రాస్తున్నా. ఇది తెచ్చిచ్చే ప్రసాద్ గారు నీ మరదలు శిరీష పనిచేసే హాస్పిటల్లో డాక్టరు. వాళ్ల అత్తగారి ఊరు మన చీరాలే. కవరుతో పాటు గుడ్డలో చుట్టిన రెండు స్పార్క్ ప్లగ్గులు ఇస్తారు. అప్పుడే విప్పకు, చదివాక విప్పు.

శిరీషకి నర్సు ఉద్యోగం వచ్చిందని బ్రాంప్టన్ గోడౌన్ పని వదిలేసి ఈ దేశం ఉత్తరపు కొసనున్న ఈ ఊరికొచ్చాం కదా. బయటికెళ్తే ముక్కులో వెంట్రుకలు కూడా బిగుసుకుపోతాయి. తెలుగు మాట వినాలంటే శిరీష, లేదంటే ప్రసాద్ గారు, అంతే. బెండకాయ కూడా గడ్డకట్టిందే దొరుకుతుంది. తిండికి లోటు లేదులే, వదినకి బెంగ పెట్టుకోవద్దని చెప్పు.

నేను పనిచేసేది గోర్డన్ అనే ఆయన షాపులో. పాత స్నోమొబైల్స్ బాగుచేస్తాం. ముందు రెండు స్కీలు, వెనక బెల్టు, మంచు మీద పోయే బైకు అనుకో. పాతవన్నీ మన టూ-స్ట్రోక్ బండ్లే. అదే కార్బొరేటర్, అదే పొగ. మొదటిరోజు ఆ వాసనకి మన షెడ్డు గుర్తొచ్చి, కాసేపు తల ఎత్తకుండా జెట్లు కడిగా. "ఈ చలికాలం చూద్దాం, తర్వాత మాట్లాడదాం" అన్నాడు గోర్డన్.

అప్పుడొచ్చాడు వాల్టర్. పెద్దాయన, ఊరి పక్కనున్న లేక్ అవతల ఒంటరిగా ఉంటాడు. చలికాలం లేక్ గడ్డకడితే అదే ఆయనకి రోడ్డు. "బండి తాగుబోతైపోయింది, పెట్రోల్ తగ్గేలా చూడు" అన్నాడు. మన దగ్గరికొచ్చే ప్రతివాడూ అడిగేదీ అదే కదా! నేను నువ్వు చేసేదే చేశా. పెట్రోల్ తక్కువ వదిలే చిన్న జెట్ వేసి, హీటర్ పక్కన నిలబెట్టి ట్యూన్ చేశా. పొగ పోయింది. ఐడ్లింగ్ వింటే నువ్వు కూడా భుజం తట్టేవాడివి.

మర్నాడు పొద్దున వాల్టర్ షాపులోకి నడుచుకుంటూ వచ్చాడు. మీసాలనిండా మంచు. లేక్ మధ్యలో పిస్టన్ పట్టేసిందట. ఆ గాలిలో ఒడ్డుదాకా నడిచాడు.

"అబ్బాయ్, తాగుడు తగ్గించమన్నాను గానీ పస్తు పెట్టమన్లేదు" అన్నాడు.

బండి లాక్కొచ్చి ఇంజిన్ విప్పితే, పెట్రోల్ చాలక ప్లగ్గు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. గోర్డన్ తిట్టలేదు.

"ఎక్కడ ట్యూన్ చేశావ్?"

"ఇక్కడే, హీటర్ పక్కన."

ఆయన లేచి షట్టర్ మొత్తం ఎత్తాడు. గాలి కత్తిలా లోపలికొచ్చింది. "బండి నడిచేది అక్కడ" అన్నాడు. చలిగాలి చిక్కగా ఉంటుందన్నయ్యా. గాలి ఎక్కువ పోతే పెట్రోలూ ఎక్కువ పోవాలి. నేను చీరాల ఎండకి అలవాటైన చేత్తో ఇక్కడ బండి కడుపు మాడ్చా.

ఆ సాయంత్రమే బ్యాగు సర్దుకున్నా. బ్రాంప్టన్‌లో ఫ్రెండు ట్రక్కు డ్రైవింగ్‌కి రమ్మంటున్నాడు. టెన్త్ మధ్యలో బడి మానేసినప్పట్నుంచీ నాకు ఇదే దారి కదా, చెడితే ఇంకో ఊరు. శిరీష బ్యాగు చూసి గొడవేం పెట్టుకోలేదు. "వెళ్తే వెళ్లు. ముందు ఆ వాల్టర్ గారి బండి బాగుచేసి, ఆయన్ని అవతలి ఒడ్డుకి పంపించి వెళ్లు. ఆయన బీపీ మందులు నా వార్డు నుంచే వెళ్తాయి, మొహం చూడాల్సింది నేను" అంది.

వెళ్లలేకపోయా. కొత్త పిస్టన్ వేశాం. ఈసారి జెట్లు జేబులో పోసుకుని లేక్ మీదికే తీసుకెళ్లా. నువ్వు బైపాస్ మీద నేర్పావే, ఫుల్ త్రాటిల్‌లో లాగి, ఠక్కున ఆపి, అక్కడే ప్లగ్గు తీసి చూడమని, అదే. పెద్ద జెట్ వేసినా ఇంకా తెల్లగానే ఉంది. ఇంకొంచెం పెద్దది వేశా. వేళ్లు మొద్దుబారి స్క్రూ మంచులో పడిపోతే వాల్టర్ మోకాళ్ల మీద కూర్చుని వెతికిపెట్టాడు. "నీ ఊళ్లో ఇలాంటి ఆటలు ఉండవేమో" అని ఒకటే నవ్వు. చివరికి తీసిన ప్లగ్గు అరచేతిలో వెచ్చగా, ట్యూనింగ్ సరిగ్గా కుదిరితే వచ్చే ఆ కాఫీ పొడి రంగులో ఉంది. చేతులు కాచుకోవడానికి కాసేపు దాన్నే పట్టుకుని నిలబడ్డా.

వాల్టర్ బండెక్కి వెళ్లాడు. చప్పుడు దూరమై వినపడకుండా పోయాక కూడా గోర్డన్, నేనూ ఒడ్డున నిలబడి అటే చూశాం. తర్వాత అవతలి ఒడ్డున ఆయన పొయ్యి గొట్టంలోంచి సన్నగా పొగ లేచింది. గోర్డన్ "పద, ఇంకో బండి ఉంది" అన్నాడు.

ప్రసాద్ గారు తిరిగొచ్చేటప్పుడు కాస్త కరివేపాకు పొడి ఇచ్చి పంపించు. నువ్వు జెట్లు శుభ్రం చేసే ఆ సన్నటి బ్రేక్ వైరు పోగులు కూడా. ఇక్కడివి నా చేతికి కుదరట్లేదు.

నేను వచ్చేటప్పుడు స్టేషన్‌లో, "నువ్వు ఎక్కడా నిలవవురా" అన్నావ్. షెడ్డులో ఎవడైనా గొప్పలు పోతే, "డబ్బా కొట్టకు, ప్లగ్గు చూపించు" అంటావు కదా. అందుకే పంపిస్తున్నా. ఇప్పుడు గుడ్డ విప్పి రెండూ పక్కపక్కన పెట్టి చూడు. బ్యాగు ఖాళీ చేసి అటక మీద పడేశా.

మీ ఇద్దరి దీవెనలు ఉంటే చాలు. పెద్దమ్మకి నా దండాలు చెప్పండి.

నీ తమ్ముడు,
సుధీర్