సైమన్ చెప్పలేదు

నారాయణఖేడ్

తమ్ముడు సైమన్‌కు,

అక్క అరుణజ్యోతి ప్రేమతో రాస్తున్నది. దేవుని దయ వల్ల అమ్మా నేనూ బాగానే ఉన్నాం. బీదర్‌లో నువ్వు వేళకు తింటున్నావనీ, కాలు కొంచెమైనా నయమయిందనీ అనుకుంటున్నాను. ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకంటావేమో. ఫోన్‌లో నువ్వు "అక్కా" అనగానే నా మాట ఆగిపోతుంది.

అమ్మ గురించి అడిగావు. మోకాళ్ళకు దవాఖాన మందులు వాడుతోంది, చర్చికి నడిచే పోతోంది. నీ ఆటో ఇంటి పక్కనే ఉంది, పైన పరదా కప్పాం. కొంటామని ఇద్దరు వచ్చారు. అమ్మ ఇవ్వనంది. ఈ ఏడు కంది పూత బాగుంది.

"గోడౌన్ గేటు కాడ పొద్దంత ఊకెనే కూసుంటున్న, నువ్వు రాసే సైటుల నేనూ చేరత, ఎట్ల మొదలువెట్టాలె?" అని రాశావు. నాకు తెలిసింది చెబుతాను. అక్కడ మనం రాసింది నచ్చినవాళ్ళు ఓటు నొక్కుతారు. ఓట్లను బట్టి టోకెన్లు వస్తాయి, వాటిని రూపాయలు చేసుకోవచ్చు. మొదటి పోస్టులో నువ్వెవరో, ఏం పని చేస్తావో రాయి. చేరగానే పొడుగాటి తాళపు మాట ఒకటి ఇస్తారు. దాన్ని కాగితం మీద రాసి పెట్టెలో దాచుకో. అది పోతే ఖాతా పోయినట్టే. ఎవరి రాతా ఎత్తి రాయకు, పట్టేస్తారు. ఓటు వేయమని ఎవరినీ బతిమాలకు. మొదటి రెండు మూడు నెలలు ఎవరూ చదవరు, దిగులుపడకు. జొన్నరొట్టె గురించి, కంది కోత గురించి నేను రాసినవాటికి ఒక్క ఓటూ రాలేదు.

పాతవాళ్ళు నాకు ఇంకో రెండు మాటలు చెప్పారు. నువ్వు తీసిన ఫొటోలే పెట్టు. ఎవరు ఏమడిగినా తప్పకుండా జవాబివ్వు, అప్పుడే జనం మళ్ళీ వస్తారు. సైమన్, ఈ రెండూ చేసే నేను చెడ్డాను.

చంద్రమ్మ మన కుట్టు దుకాణానికి రవికలు కుట్టించుకోవడానికి వచ్చేది. భర్త నర్సింగ్ కొట్టే దెబ్బలు తాళలేక నాగల్‌గిద్ద నుంచి పారిపోయి వచ్చిందనీ, మనూర్ పప్పుమిల్లులో పని చేస్తూ అక్కడే ఉంటోందనీ తనే చెప్పింది. వీపు మీది మచ్చలు చూపించింది. ఒకసారి పప్పు కొనడానికి మిల్లుకు వెళ్ళినప్పుడు, ఆమె చాటతో చెరుగుతుంటే వెనకనుంచి ఫొటో తీశాను. ఆ రోజే ఆమె కథ రాశాను. పేరు లక్ష్మవ్వ అని మార్చాను, ఊరు రాయలేదు. ఎంతో జాగ్రత్తగా ఉన్నాననుకున్నాను. ఎక్కడెక్కడి వాళ్ళో చదివారు. ఎన్నడూ రానన్ని ఓట్లు వచ్చాయి. మిషనుకు మోటారు పెట్టించింది ఆ డబ్బుతోనే. నీకు చిట్టీ పాడానని చెప్పాను. అబద్ధం.

కింద ఒకడు అడిగాడు, "గిది మనూర్ మిల్లు గదా అక్కా?" అని. మన వైపు మనిషి చదివాడని మురిసిపోయి, "అవును తమ్ముడూ, బాగా గుర్తుపట్టావు" అని రాశాను.

నాలుగో రోజున నర్సింగ్ మిల్లు దగ్గరికి వచ్చాడు. చంద్రమ్మ చెయ్యి రెండు చోట్ల విరగ్గొట్టాడు, ఒక కన్ను పోయింది. ఆమె ఎక్కడుందో బయటివాళ్ళలో ఎవరికి తెలుసని చంద్రమ్మ అన్న జగన్నాథ్ ఆరా తీశాడు. ప్రతి వారం ఆమెను ఖేడ్‌కు తెచ్చి మళ్ళీ దింపేది నీ ఆటోనే. ఆ తర్వాత ఏమైందో నీ మోకాలికి తెలుసు.

ఆ పోస్టు తీసేద్దామని చూశాను. పైకి మార్చవచ్చు గానీ, మొదట రాసింది లోపల ఎప్పటికీ ఉండిపోతుందట. అడిగినవాడి ఖాతాలో వాడు రాసింది ఆ ఒక్క మాటే. వాడు నర్సింగో, నర్సింగ్ మనిషో అని నాకు అదే రోజు అర్థమైంది. నువ్వు దవాఖానలో పడి ఉన్నప్పుడు నీ మంచం పక్కన కూర్చున్నాను, చెప్పలేదు. నువ్వు బీదర్ బస్సు ఎక్కినప్పుడూ చెప్పలేదు. నీ ఉత్తరం చివర "ఎవరు చెప్పిండ్రో ఎరుకైందా అక్కా?" అని అడిగావు. నేనే, సైమన్.

అది చదివాక ఉండలేక, మొన్న ఆదివారం జగన్నాథ్ ఇంటికి వెళ్ళాను. చంద్రమ్మ అరుగు మీద ఎడమచేత్తో వెల్లుల్లి ఒలుస్తోంది. జరిగిందంతా చెప్పాను.

"ఏం రాసినవో సదువు. నేనింట," అంది.

ఫోన్ తీసి మొత్తం చదివాను. ఆమె మధ్యలో ఒక్కసారి కూడా ఆపమనలేదు.

"మంచిగనే రాసినవ్. గానీ గది నా బతుకు. నన్నొక్కమాట అడిగినవా?"

కాళ్ళు పట్టుకోబోతే వెనక్కి తీసుకుంది. "నా కాళ్ళెందుకు? మా అన్నను పిలుస్త. నా ముంగట్నే జెప్పు, సైమన్ ఏం జెప్పలేదని."

జగన్నాథ్ వచ్చి నిలబడి విన్నాడు. నన్ను కొడతాడనుకున్నాను. గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

"కట్టెతోటి కొడ్తుంటె పోరడు ఒక్కటే మాటన్నడు, 'అన్నా, నేను జెప్పలే' అని. నేను ఇనలే. ఇగ నా మొఖం ఎట్ల సూపెట్టాలె?"

సోమవారం ఠాణాకు వెళ్ళి, ఆ పోస్టూ, వాడి ప్రశ్నా, నా జవాబూ చూపించి రాసిచ్చాను. సాక్ష్యానికి పిలుస్తామన్నారు. అమ్మకూ చెప్పాను. రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు, అన్నం మాత్రం పెడుతోంది.

నువ్వు ఆ సైటులో చేరతావో మానతావో నీ ఇష్టం. చేరితే నీ సంగతి నువ్వు రాసుకో. పక్కవాళ్ళ సంగతి రాయాలనిపిస్తే ముందు వాళ్ళ గడపకు పోయి అడుగు.

వచ్చే వారం గురువారం జగన్నాథ్ బీదర్ వస్తున్నాడు. నీ అడ్రసు నేనే ఇచ్చాను, ఈసారి నిన్ను అడగకుండానే. అతనితో మాట్లాడాలనిపించకపోతే గేటు తీయకు. నేను వచ్చినా అంతే.

ఇట్లు,
నీ తప్పు లేదని ముందే చెప్పవలసిన
మీ అక్క
అరుణజ్యోతి