మెట్ల కింద కూర్చున్న పూట

దోహా

అక్కకు నమస్కారం.

నువ్వు, బావ, పిల్లలు కులాసాగా ఉన్నారనుకుంటాను. బావ మోకాలి నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను. ఫోన్‌లో చెప్పలేక రాస్తున్నాను.

కంపెనీ ట్రైనింగ్‌కు కౌలాలంపూర్ పంపిందని చెప్పాను కదా. చివరి రోజు మధ్యాహ్నానికే క్లాసులు అయిపోయాయి. రైలెక్కి ఊరి చివర కొండగుహలో ఉన్న సుబ్రహ్మణ్యస్వామి గుడికి పోయాను. సుజాత చూడాలనుకున్న గుడి.

మెట్ల దగ్గరే ఆగిపోయాను. "ఏడాది వెళ్ళేదాక గుట్ట ఎక్కకు తమ్మీ" అని నువ్వు మరీ మరీ చెప్పావు. ఎక్కలేదు. వెనక్కి రాబుద్ధీ కాలేదు.

నేను ఫోన్‌లో మాట్లాడటం విని పూలమ్మే పెద్దావిడ ఒకామె తెలుగులో పలకరించింది. వాళ్ళ తాతలు శ్రీకాకుళం వైపు నుంచి తోటల పనికి వచ్చారట.

"అమ్మగారు పైకెళ్ళిందా? మిమ్మల్ని సంచులకి కాపలా పెట్టిందా?" అని నవ్వింది.

అవునన్నాను. ఎందుకన్నానో తెలియదు.

"మా ఆయనా అంతే. మెట్లంటే మోకాళ్ళ నొప్పులు. టీ కొట్టుకైతే పరుగే. కూర్చోండి బాబూ" అని కుర్చీ వేసింది.

దిగేవాళ్ళను చూస్తూ కూర్చున్నాను. చాలాసేపు బాగుంది అక్కా.

లేవబోతే, "ఆవిడ దిగలేదుగా, ఎక్కడికి?" అంది. అప్పుడు చెప్పాను, నా భార్య పోయి ఏడాది కావస్తోందని. ఆమె మాల కట్టడం ఆపేసింది.

"తప్పు మాటన్నాను బాబూ." మాల పక్కన పెట్టి అడిగింది. "ఏడాది ఎవరు పెడుతున్నారు?"

"ఊళ్ళో మా చిన్నాన్న కొడుకు రవి. నాకు సెలవు ఇవ్వలేదు."

"మీరుండగా ఆవిడకి పిండం ఇంకొకరు పెడతారా?"

మేనేజర్ ఒక్కసారి కాదనగానే ఊరుకున్నాను. సంవత్సరికం రవితో జరిపించమని నీకు చెప్పేసి, పని అయిపోయిందనుకున్నాను. తిరిగొచ్చినప్పటి నుంచి అదే మనసులో తిరుగుతోంది.

ఇక్కడ ఎండ, దుమ్ము. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ ఏరియాలో అదే గది. పక్క గది రాజన్న, మన జగిత్యాల ఆయనే, వండి పిలుస్తాడు. రెండు పూటలా తింటున్నాను. బెంగపడకు.

ఏడాది పెట్టడానికి నేనే వస్తున్నానని రవికి నువ్వే నెమ్మదిగా చెప్పు, నొచ్చుకోకుండా. తిథి ఏ రోజు పడుతుందో పంతులుగారిని అడిగి మెసేజ్ పెట్టు. పెద్దమ్మకు నా దండాలు. ఆమె లెక్కలో నేనింకా దుబాయ్‌లోనే ఉన్నానా? ఉండనీ. ఈ ఒక్క పనికి మీ అందరి దీవెన కావాలి.

రేపు పొద్దున మేనేజర్‌ను మళ్ళీ సెలవు అడుగుతాను. కాదంటే అక్కడే రాజీనామా రాసిస్తాను.

నీ తమ్ముడు
శ్రీనివాస్