కొసరు అడగని మనిషి

జూన్ 4
గురువారం, వారపు అంగడి. వంకాయలు, టమాటాలు, పచ్చిమిర్చి, పెసరపప్పు — చీటీ ప్రకారం అన్నీ తెచ్చాను. బేరమాడలేదు. నలభై రెండవ ఏట, రాత్రిబడిలో చదివి, మొదటి ప్రయత్నంలోనే పదవ తరగతి ఉత్తీర్ణుడనైన నాటి నుండి బేరమాడటం మానివేశాను. మండల కార్యాలయంలో రికార్డు అసిస్టెంటుగా ఉన్న మనిషి అర్ధరూపాయి కోసం అంగట్లో గొంతు పెంచడం తగదు.
దీనమ్మ సంచి విప్పింది. ఒక వంకాయను తిప్పి తిప్పి చూసింది. "ఎంతకిచ్చింది?" చెప్పాను. "కొసరు ఏమేసింది?" అడగలేదన్నాను. "నీ సదువుకు దండం పెడ్త."
ఇరవై ఆరేళ్ల కాపురంలో నా భార్య నాకు దండం పెట్టడం ఇదే ప్రథమం.

జూన్ 7
చర్చిలో పాస్టరయ్య ప్రకటన — ఈసారి క్రిస్మస్ నాడు బైబిలు వాక్యం చదివేది రాత్రిబడి ఆడవాళ్లలో ఒకరు. ఎవరు చదువుతారు? అని ఇంకా అడగనేలేదు... దీనమ్మ లేచి నిలబడింది! మూడేళ్లుగా చదువుతోంది, నేను కూర్చున్న బల్ల మీదే. గర్వంతో నా మెడ నొప్పి పెట్టింది.
ఇంటికి వచ్చాక అసలు మాట చెప్పింది. "అక్షరాలు చీమలోలె పారుతున్నయి. యాడాది నుంచి సదువుతలేను. పక్కామె సదివింది ఇని యాదికి సెప్తున్న."
మరి ఎందుకు లేచావు?
"ఇంకోలు లేస్తరేమో అని భయమైంది."

జూన్ 9
సర్కారు దవాఖానలో చూపించాను. దగ్గరి చూపుకు అద్దాలు కావాలి. బీదర్‌లో చేయించుకోవాలి, నూట ఇరవై అవుతుంది, బస్సు ఛార్జీలు గాక. జీతంలో మిగులు లేదు. అప్పు చేయను — అది నా నియమం. క్రిస్మస్‌కు ఆరు నెలల పైన ఉంది. ఇంటి ఖర్చు తగ్గించి అందులోనే మిగల్చాలి.

జూన్ 11
దీనమ్మ పందెం. ఒకే చీటీ, చెరి పదిహేను రూపాయలు, విడివిడిగా అంగడి చేయాలి. ఇద్దరం కలిసే బయలుదేరాము కాని మూల తిరగగానే ఆపింది — "నా పక్కకు రాకు. నీ ఇస్త్రీ అంగీని సూస్తే ధర పెరుగుతది."
ఫలితం. నా వద్ద మిగిలినది: శూన్యం, పైగా కరివేపాకు మరిచాను. ఆమె వద్ద: నాలుగున్నర రూపాయలు, కొత్తిమీర కట్ట, ఉచితంగా రెండు నిమ్మకాయలు. కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వింది. నేనూ... కొంత నవ్వాను.
చిక్కు ఏమిటంటే, రెండు సంచుల వంకాయలు.

జూన్ 13
వంకాయ.

జూన్ 14
వంకాయ. చర్చి నుండి వచ్చాక కూడా.

జూన్ 15
నిర్ణయించుకున్నాను. నేర్చుకుంటాను. నలభై దాటాక బీజగణితం నేర్చినవాడిని.
దీనమ్మ చెప్పగా వ్రాసుకున్నాను. ఇస్త్రీ చొక్కా వద్దు. కావలసిన దాని వైపు చూడరాదు. దాని పక్కనున్న దాని ధర ముందు అడగాలి. పొద్దున పోరాదు. మనూర్ బస్సు హారన్ కొట్టే వేళకు పోవాలి — ఊళ్ల నుండి గంపలతో వచ్చినవాళ్లు మిగిలినది తిరిగి మోసుకుపోలేక తగ్గించి ఇస్తారు. డబ్బు చెల్లించిన తరువాతనే కొసరు అడగాలి, అదీ నవ్వుతూ.
"నీకు నవ్వుడు అస్తదా?" అన్నది. అభ్యాసం చేస్తానన్నాను.

జూన్ 18
మాణెమ్మ వద్ద — ఏళ్లుగా నాకు వంకాయలు అమ్మేది ఈమే. వాక్యాన్ని దారి పొడవునా సిద్ధం చేసుకున్నాను. "ఒక రూపాయి తగ్గించగలరా?" అన్నాను.
"గలరా అంటే ఏంది సారూ?"
పక్క గంపల వాళ్లందరూ నవ్వారు. అడిగినంత ఇచ్చి వచ్చేశాను.
ఇంట్లో ఏమన్నానంటే — రూపాయి తగ్గించింది అన్నాను. దీనమ్మ ముఖం వెలిగింది. అద్దాల కోసం డబ్బు దాస్తున్న పాలపొడి డబ్బా ముందుకు జరిపింది, ఆ రూపాయి అందులో వేయమని. వేశాను. అది నా రెండు రోజుల చాయ్ డబ్బు.
ఇది అసత్యం. ఈ పేజీకి తప్ప ఎవరికీ తెలియదు. దీనమ్మకు ఈ అక్షరాలు కనిపించవు గనుక ధైర్యంగా వ్రాస్తున్నాను... ఈ వాక్యం వ్రాసినందుకు మరింత సిగ్గు.

జూన్ 25
మళ్లీ అదే. అడిగినంత ఇచ్చి వచ్చాను, డబ్బాలో నా రూపాయే వేశాను. ఆఫీసు చాయ్ పూర్తిగా మానివేశాను.

జూలై 16
చాయ్ లేకపోయినా దినం గడుస్తుంది. తలనొప్పి కూడా పోయింది. ఆశ్చర్యం.

జూలై 30
కిరాణంలో రోజుకో పొట్లం కొనడం మాని పప్పు, చక్కెర నెలకు ఒకేసారి తెచ్చాము. దీనమ్మ సబ్బును దారంతో రెండు ముక్కలు కోసి ఒక ముక్క దాచింది. తడవని సబ్బు అరగదట. నిజమే! ఇది ఏ పాఠంలోనూ లేదు.
డబ్బా ఊపి చూసింది. "బరువైంది." ఆ బరువులో నా అబద్ధాలు ఎన్నో నాకే తెలుసు.

ఆగస్టు 13
ఘోరం. దీనమ్మ బోరింగు వద్ద నీళ్లు పడుతూ చెప్పుకున్నది — "మా సారు మాణెమ్మ తోని వారం వారం రూపాయి తగ్గిపిస్తుండు!" సాయంత్రానికి నాలుగిళ్ల సంచులు మా గుమ్మంలో. "అన్నా, మాకు గూడ జర నువ్వే తేవే." ఆడవాళ్లు నన్ను నమ్మి డబ్బు చేతిలో పెట్టారు.
ఐదిళ్ల రూపాయలు నా జేబులో నుండి వేయాలంటే చాయ్ కాదు, అన్నమే మానాలి.
వచ్చే అంగడికి నిజంగా అడగవలసిందే.

ఆగస్టు 20
ఈ దినాన్ని పూర్తిగా వ్రాయాలి.
మడతలు పడిన చొక్కా. ఐదు సంచులు. మనూర్ బస్సు హారన్ కొట్టేదాకా చింతపండు దుకాణం నీడలో నిలబడ్డాను. హారన్. నడిచాను. మాణెమ్మ గంపలో సగం పైన వంకాయలు. వాటి వైపు చూడలేదు. బీరకాయ ధర అడిగాను.
"బీరకాయ నువ్వెన్నడు కొన్నవ్ సారూ?"
వద్దులే అన్నాను. అప్పుడు గంపను కాలితో... కాదు, చేతితో చూపి — గంప మొత్తానికి ఎంత?
ఆమె బస్సు వైపు చూసింది. నా సంచుల వైపు చూసింది. ఒక ధర చెప్పింది. నేను ఒక ధర చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నా పొట్ట కొడ్తవా సారూ?" అన్నది. నాకు జాలి కలిగింది, నిలదొక్కుకున్నాను. కండక్టరు అరిచాడు. మధ్య ధరకు తెగింది — కిలోకు రూపాయి పావలా తక్కువ! డబ్బు లెక్కపెట్టి ఇచ్చాను. మాణెమ్మకూ నష్టం లేదు, ఖాళీ గంపతో ఎక్కుతుంది.
తరువాత నవ్వాను. "కొసరు ఎయ్యవా మాణెమ్మా?"
"ఓయమ్మో! సారుకు నోరొచ్చింది!" అని పక్కవాళ్లను పిలిచి చూపించి, దోసెడు పచ్చిమిరపకాయలు నా సంచిలో వేసి బస్సుకు పరుగెత్తింది.
దారిలో లెక్కించాను. ఇరవై మూడు. పరీక్షా ఫలితాల నాడు కూడా ఇంత తేలికగా నడవలేదు.

ఆగస్టు 21
మిరపకాయ బజ్జీలు. ఐదిళ్లకూ.

అక్టోబర్ 8
మాణెమ్మ నా కోసం గంప పక్కన పెట్టి ఉంచుతోంది. "జల్దీ రా సారూ, ఇగ బస్సు పోతది." పొద్దున మాత్రం అంగట్లో కనిపించవద్దంటుంది — "నిన్ను సూసి అందరు నేర్సుకుంటరు."

నవంబర్ 29
డబ్బా తెరిచాము. నూట ముప్పై నాలుగు. దీనమ్మ మూత పెట్టి మళ్లీ తెరిచింది.

డిసెంబర్ 12
రెండవ శనివారం, సెలవు. బీదర్. చష్మాల దుకాణం అతను నూట నలభై అన్నాడు. దీనమ్మ మోచేతితో పొడిచింది — "నువ్వడుగు." ఆమె మెచ్చిన ఫ్రేము వైపు చూడకుండా పక్కదాని ధర అడిగాను. నూట పదిహేనుకు దిగింది. చెల్లించి, నవ్వి, కొసరు అన్నాను.
"చష్మాకు కొసరా సాబ్!" అని అతనూ నవ్వి, తుడుచుకునే గుడ్డ ఒకటి పెట్టాడు.
తిరుగు బస్సులో దీనమ్మ చష్మా తీయలేదు. అగ్గిపెట్టె చదివింది. చివరకు రెండు రూపాయల నోటు ముక్కు దగ్గర పట్టుకుని, చిన్న అక్షరాల వరుసలో వెతికి, వేలు ఆనించింది. "రెం...డు రూపా...యలు. తెలుగుల గూడ రాసిన్రు! ఇన్నేండ్లు చేతుల పట్టుకున్న, తెల్వనే తెల్వదు." ఆ నోటును ఖర్చు చేయకూడదని అప్పుడే ఇద్దరమూ అనుకున్నాము.

డిసెంబర్ 20
వాక్యం తప్పు లేకుండా చదువుతోంది. అది చాలక సబ్బు కాగితం, క్యాలెండరు, మందు సీసా. ఇంట్లో అచ్చయినది ఏదీ మిగలలేదు.
ఇవాళ అడిగింది — "గా బుక్కుల దినాం ఏం రాస్తవ్?"
లెక్కలు అన్నాను. ఇంకొక అసత్యం.

డిసెంబర్ 24
అంగడికి పోయే ముందు వ్రాస్తున్నాను.
రేపు చర్చిలో చదువుతుంది. చీర ఇస్త్రీకి ఇచ్చాను — ఈ ఒక్క ఖర్చుకు ఆమె కాదనలేదు. ఇప్పుడు పెరట్లో గట్టిగా చదువుతోంది. నడుమ ఆగి, ఇటు తిరిగి అన్నది: "రేపు వాక్యం అయినంక నీ బుక్కు సదువుత. జూన్ కెల్లి మొదలు వెడ్త."
జూన్ ఎందుకని అడిగాను. "ఊకెనే" అని నవ్వింది. ఆ నవ్వు... నేను అడిగినంత ఇచ్చి వచ్చిన సంగతి మాణెమ్మ గాని చెప్పిందా?
జూన్ 18 పేజీని రెండుసార్లు తీసి చూశాను. చింపవచ్చు. పద్దెనిమిది ఏళ్లుగా రికార్డుల గదిలో ఒక్క కాగితం చింపినవాడిని కాను. పెట్టెలో పెట్టి తాళం వేయవచ్చు; తాళం చెవి ఆమె కొంగుకే ఉంటుంది.
ఒకటి గమనించాను. ఇవాళ నా అక్షరాలు ఎప్పటిలా చిన్నవిగా, కలిసి పడటం లేదు. పెద్దవిగా, విడివిడిగా, గుండ్రంగా — రాత్రిబడి పలక మీద వ్రాసినట్టు...
మనూర్ బస్సు హారన్. పోవాలి. పుస్తకం ఇక్కడే బల్ల మీద, చష్మా పెట్టె పక్కన —