ఏం కేసని అడగలేదు

పెద్దాపురం,
2 ఆగస్టు 2025.

గౌరవనీయులైన నాగశ్రీ గారికి,

ప్రసన్నలక్ష్మి నమస్కారాలు. రాజమండ్రిలో మీరూ మీవారూ కులాసా అని తలుస్తాను. పంతొమ్మిదేళ్ళ తర్వాత నా చేతిరాత చూసి కూడా కవరు విప్పారంటే అది మీ మంచితనం.

నా సంగతి పేపర్లో చదివే ఉంటారు. పేరు వేయలేదు గాని, పెద్దాపురంలో రిటైరైన హెడ్మిస్ట్రెస్ అంటే మీకు తెలియనిదేముంది.

అవి మరిడమ్మ జాతర రోజులు. పొద్దున్న కాఫీ తాగుతుంటే ఫోన్ వచ్చింది. వీడియోలో పోలీసు యూనిఫాం వేసుకున్న మనిషి. నా మీద కేసుందనీ, విచారణ అయ్యేదాకా ఫోన్ కట్ చేయకూడదనీ, ఎవరికీ చెప్పకూడదనీ అన్నాడు. మాటకోసారి మేడమ్ గారూ అనేవాడు. రెండు రోజులు ఆ ఫోన్ ఎదురుగానే కూర్చున్నాను, దాని ఎదురుగానే అన్నం తిన్నాను. కూరలమ్మే లోవమ్మ తలుపు కొడితే ఒంట్లో బాగోలేదని లోపల్నుంచే పంపేశాను.

రెండో రోజు బ్యాంకుకి వెళ్ళమన్నాడు. కౌంటర్లో ఉన్న మంజుష మన బళ్ళో చదివిన పిల్లే. ఇంత డబ్బు ఎవరికి టీచర్ గారూ, ఎవరైనా ఫోన్ చేసి బెదిరిస్తున్నారా అండీ అని సూటిగానే అడిగింది. లేదమ్మా, స్థలం కొంటున్నానన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం.

డబ్బు వెళ్ళిపోయాక ఫోన్ ఆగిపోయింది. మర్నాడు లోవమ్మే మళ్ళీ వచ్చి, నా వాలకం చూసి, చెయ్యి పట్టుకుని స్టేషనుకి తీసుకెళ్ళింది.

అప్పట్నుంచి అందరిదీ ఒకటే ప్రశ్న. ఎస్సై గారూ అడిగారు, మా తమ్ముడు చంద్రరావూ అడిగాడు. ఇంత చదువుకుని ఎలా నమ్మారని. పోయినేడాది నేనే బడికి వెళ్ళి పిల్లలకి ఇలాంటి మోసాల గురించి చెప్పొచ్చాను కూడా. ఒకరికి భయమేసిందన్నాను, ఒకరికి పెద్దతనమన్నాను. తమ్ముడికి యూనిఫాం చూసి నమ్మానన్నాను. నిజమేనన్నట్టు తలూపి వెళ్ళిపోయారు. చెప్పి చెప్పి విసుగొచ్చింది నాగశ్రీ గారూ.

పోయింది తిరిగొస్తుందన్న ఆశ లేదు. పెన్షన్ ఉంది, రోజులు వెళ్ళిపోతాయి. మీ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయో. వానల్లో జాగ్రత్త.

ఇట్లు,
ఒకప్పుడు మీ పక్క కుర్చీలో కూర్చున్న
ప్రసన్నలక్ష్మి

తాజా కలం: అందరూ అడిగినదానికి అసలు జవాబు మీకే చెప్పాలి. కేసుందని అతనన్నప్పుడు, ఏం కేసు అని నేను అడగలేదు. ఇన్నాళ్ళకి వచ్చిందనుకున్నాను. ఆ ఏడు టెన్త్ పరీక్షలప్పుడు మీ గదిలో దొరికిన స్లిప్పులు నేను పంపినవే. స్కూలు కమిటీ ప్రెసిడెంటు గారబ్బాయి తప్పకూడదని పంపాను. విచారణలో నాకేమీ తెలియదన్నాను. సస్పెన్షన్ మీకు వచ్చింది. ఇదంతా రాసి, సంతకం పెట్టి, నిన్న డీఈఓ ఆఫీసుకి పంపాను. నకలు ఈ కవర్లోనే ఉంది, ఎవరికైనా చూపించండి.

క్షమించమని అడిగే మొహం లేదు. మీకు చెప్పవలసిన మాట, మొదటి రోజు సాయంత్రమే, అడక్కుండానే, అతనికి చెప్పేశాను. మీ పేరుతో సహా. అతను అంతా విన్నాడు. తర్వాత, మీ ఖాతా ఏ బ్యాంకులో ఉంది మేడమ్ గారూ అని అడిగాడు.