మేడ మీద నాలుగు గీతలు

మట్టెవాడ

ఫిర్యాదుల విభాగం వారికి,

మీ సిమ్ము వాడుతున్న దీప నమస్కారాలు. మా ఇంట్లో ఫోనెత్తితే అవతలివాళ్ల మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది, నాదసలు పోదు. కింద నాన్న పవర్‌లూమ్ చప్పుడేమో అనుకున్నాం. మగ్గం ఆపి చూసినా అంతే. నెలాఖరున నాకు ఫోన్ ఇంటర్వ్యూ ఉంది, డిగ్రీ అయ్యాక వచ్చిన మొదటి పిలుపు. ఉద్యోగం ఎక్కడో తెలుసా? మీ హెల్ప్‌లైన్‌లోనే! ఆలోపు ఏదైనా చేయండి.

ఇట్లు, కాలు నిలవని
దీప

తా.క.: ముందు మీ హెల్ప్‌లైన్‌కే ఫోన్ చేశాను. "మీ మాట వినబడడం లేదు, ఉత్తరం రాయండి" అన్న ముక్క ఒక్కటే స్పష్టంగా వినబడింది.

హనుమకొండ

దీప గారికి,

ఫోన్ ఆపి మళ్ళీ ఆన్ చేయండి. వెనక కవరు తీసేయండి. గదుల్లో కాక ఎత్తుగా, ఆరుబయట, సిగ్నల్ గీతలు నిండుగా కనిపించిన చోట నిలబడండి. అక్కడి నుంచి నాకు ఫోన్ చేసి పరీక్షించుకోండి.

భవదీయుడు
మహిపాల్, ఫిర్యాదుల విభాగం

తా.క.: గట్టిగా అరిస్తే సిగ్నల్ పెరగదు. చాలామంది ప్రయత్నించారు.

మట్టెవాడ

మహిపాల్ గారూ,

దొరికింది! మేడ మీద ఈశాన్యం మూలన నాలుగు గీతలూ నిండాయి. కానీ సరిగ్గా అక్కడే మా పెద్దమ్మ భాగ్యమ్మ మిరపకాయలు ఎండబోసి, కోతులు రాకుండా కట్టె పట్టుకుని కూర్చుంటుంది. రోజూ పైకెక్కుతుంటే "ఎవలతోని మాట్లాడుతానవే?" అంది. మహిపాల్ సారుతో అన్నాను. ఏం మాట్లాడతావంది. నా మాట ఆయనకు వినబడుతోందా అని అడుగుతానన్నాను. అంతే, పొద్దుగూకేసరికి వీధంతా మీ కులం, జీతం వాకబు చేస్తోంది.

చెప్పుకోలేని చిక్కులో
దీప

తా.క.: మీ ఎత్తెంతో కూడా రాయమంది పెద్దమ్మ.

హనుమకొండ

దీప గారికి,

నాకు పెళ్ళయి ఇద్దరు పిల్లలు. ఈ సంగతి మీ పెద్దమ్మ గారికి వెంటనే చెప్పండి. మీ ఉత్తరం టిఫిన్ సంచిలో పడి మా ఇంటికి వెళ్ళింది, మా ఆవిడ రాజేశ్వరి చదివింది. ఎత్తెందుకట అని అడుగుతోంది. ఇక నాకు ఫోన్ చేయొద్దు. ఆ మిరపకాయలు జర పక్కకు జరపమనండి, చాలు.

నిర్దోషి
మహిపాల్

తా.క.: ఆనాటి నుంచి డబ్బాలో వట్టి పెరుగన్నమే వస్తోంది.

మట్టెవాడ

మహిపాల్ గారూ,

అయిపోయింది. మీకు పెళ్ళయిందని చెప్పాను. పెద్దమ్మ మిరపకాయలూ జరపలేదు, నన్నూ నమ్మలేదు. ఇంటర్వ్యూ ఫోన్ వస్తే ఆ కాయల మధ్యే నిలబడ్డాను. మాట గంట కొట్టినట్టు వినబడింది! "నేను కోపంగా ఉన్న కస్టమర్‌ననుకోండి" అని అవతలాయన కేకలు మొదలుపెట్టాడు. జవాబు చెప్పబోతే ఘాటుకు తుమ్ములు. ఒకటా రెండా. ఆ కేకలు మీవే అనుకుని పెద్దమ్మ ఫోన్ లాక్కుంది.

"జర నిమ్మలంగ చెప్పు బిడ్డా. ముందుగాల తిన్నవా లేదా? కడుపు కాలితే ఎవనికైనా కోపమే," అంది.

కేకలు ఆగిపోయాయి. పొద్దుటి నుంచి తినలేదన్నాడట. రేపు పెళ్ళయ్యాక పెళ్ళాం మనసు కష్టపెట్టకని బుద్ధి చెప్పి పెట్టేసింది. నా ఉద్యోగం పోయింది. ఫిర్యాదు మూసేయండి.

ఇంకా తుమ్ముతూనే
దీప

తా.క.: చివర్లో ఆయన "సరేనమ్మా" అన్నాడట.

హనుమకొండ

దీప గారికి,

ఆయన మా పై అధికారి కిషన్ రావు గారు. ఫోన్ పెట్టేసి నేరుగా ఇంటికెళ్ళి అన్నం తిన్నారు. మర్నాడు ఆ రికార్డింగ్ మా అందరికీ వినిపించారు. కోపిష్టి కస్టమర్ల లైనుకు భాగ్యమ్మ గారిని తీసుకున్నారు. ఆమెకు కంప్యూటర్ రాదన్నాం. పక్కన కూర్చుని అది చూసుకునేందుకు చదువుకున్న మనిషి ఒకరు కావాలని ఇంకో ఉద్యోగం మంజూరు చేశారు. దానికి మీరు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇంటర్వ్యూ భాగ్యమ్మ గారే చేస్తారు.

శుభం కోరుతూ
మహిపాల్

తా.క.: నిన్న రాజేశ్వరి మీ నంబరుకు ఫోన్ చేసి, పెద్దమ్మ గారితో గంటసేపు నా గురించే మాట్లాడింది. మాట ఒక్కసారీ తెగలేదు. తెగితే బాగుండేది.