మరక పట్టే గోడ

మార్చి 3, సోమవారం

బావ ఇవాళ స్టూడియోలో పెద్ద స్క్రీన్ పెట్టించాడు. మాటలు టైప్ చేస్తే బొమ్మలు వేసే సాఫ్ట్‌వేర్. ఆసుపత్రి వాళ్ల ప్రార్థన గది గోడకి ఎలాంటి బొమ్మ కావాలో ఒక్క వాక్యం రాశాడు, దాన్ని ప్రాంప్ట్ అంటారట. టీ చల్లారేలోపు నలభై బొమ్మలు వచ్చి పడ్డాయి. అన్నింట్లోనూ ఉదయించే సూర్యుడు, నీలం, పావురాలు. ఒక పావురానికి మూడు కాళ్లు. వేలు పెట్టి చూపించాను. కాలు తీసేయడం ఎంతసేపు అన్నాడు, తీసేశాడు కూడా.

తర్వాత అక్క నన్ను పక్కకి పిలిచింది. స్టూడియో తనది, గోడల మీద బొమ్మలు వేసే చెయ్యి నాది, మొదటినుంచీ మా ఒప్పందం అదే. నువ్వు బ్రష్ పట్టి ఎన్నాళ్లయిందో నీకే తెలియాలి, వచ్చే వారం శుక్రవారంలోపు నీ చేత్తో గీసింది ఒకటి చూపించు, లేదంటే ఆ సూర్యుడే గోడ ఎక్కుతాడు, నువ్వు స్క్రీన్ ముందు కూర్చుని మాటలు రాసిపెడుదువుగాని అంది. కోపంగా అనలేదు. నాకు మండింది అందుకే.

నేను రాయను.

మార్చి 4, మంగళవారం, ఉదయం

గీశాను. చించాను. మళ్లీ గీశాను. అన్నీ సూర్యుళ్లే. నా బుర్రలో కూడా అదే సాఫ్ట్‌వేర్ ఎక్కించినట్టున్నారు.

మార్చి 4, సాయంత్రం

ఆ గదికే వెళ్లాను. ఏ మతం వాళ్లయినా రావచ్చు కాబట్టి అందులో ఏ దేవుడినీ పెట్టలేదు. బొమ్మ వేయాల్సిన గోడకి ఆనించి ఒక పొడవాటి బెంచీ, ఎదురుగా కిటికీ, అంతే. ఫోన్ బయటే పెట్టేయాలి.

కళ్లు మూసుకున్నాను. చిన్నప్పుడు బొమ్మ మొదలుపెట్టే ముందు ఇలాగే కూర్చునేదాన్ని, ఎవరూ నేర్పకుండానే. ఎప్పుడు మానేశానో గుర్తులేదు. దేవుడితో పోట్లాడాను. ఉంటే ఒక్క గీత ఇవ్వు, లేకపోతే లేనని చెప్పు, ఈ నాన్చుడేంటని నిలదీశాను. ఏమీ రాలేదు. నడుం పట్టేసింది.

మార్చి 5, బుధవారం

మళ్లీ వెళ్లాను. మళ్లీ ఏమీ లేదు.

దేవుడికి ప్రాంప్టులు రాస్తున్నావా అని బావ నవ్వాడు. జోకు బాగానే ఉంది, నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఆలోచించాను. అడిగిన మరుక్షణం నలభై జవాబులు చెప్పేదాన్ని నేనెలా నమ్మను? ఆ దేవుడు ఒక్కటీ చెప్పడు. కూర్చోబెడతాడు. ఏం అడుగుతున్నానో నాకే విసుగొచ్చేదాకా కూర్చోబెడతాడు. సరే, కూర్చుంటాను. మొండితనంలో నేనేం తీసిపోను.

మార్చి 7, శుక్రవారం

బూడిదరంగు స్వెటర్ వేసుకున్న ఒక పెద్దాయన రోజూ అక్కడికి వస్తున్నాడు. భార్య పై అంతస్తులో ఉందట, మాట పడిపోయిందట. మీవాళ్లెవరమ్మా ఇక్కడ అని అడిగాడు. ఎవరూ లేరండీ, ఈ గోడకి బొమ్మ వెయ్యాలి, ఏం వెయ్యాలో తోచక కూర్చుంటున్నా అన్నాను. తిడతాడనుకున్నాను. అదీ కష్టమేలే అన్నాడు. తల వెనక్కి గోడకి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

నాకు సిగ్గేసింది. ఆయన మనిషి కోసం అడుగుతున్నాడు, నేను బొమ్మ కోసం అడుగుతున్నాను. నా గొడవ ఆపేశాను. ఆవిడెవరో తెలియదు, పేరు కూడా అడగలేదు, ఆవిడ కోసం కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. లోపల ఇన్నాళ్లూ గిరగిరా తిరుగుతున్నదేదో ఆగింది.

కళ్లు తెరిచేసరికి ఆయన లేడు. తల ఆనిన చోట గోడ మీద జిడ్డు మరక ఉంది. దాని పక్కన ఇంకొకటి. కాస్త కిందుగా మరొకటి. బెంచీ పొడుగునా మరకలే. ఏళ్ల తరబడి ఇక్కడ కూర్చుని ఎవరెవరి కోసమో అడిగిన వాళ్ల తలలు. పొడుగువాళ్లవి, పొట్టివాళ్లవి, ఒకచోట చిన్నపిల్లది. ఇన్ని రోజులూ వాటికే ఆనుకుని కూర్చుని నాకు బొమ్మ ఇవ్వమని దెబ్బలాడుతున్నాను.

ఏడ్చాను. బొమ్మ దొరికిందన్న సంతోషంతోనే.

మార్చి 10, సోమవారం

గోడ తెల్లగా ఉంది.

చేసింది నేనే. ఆర్డరు వచ్చిన రోజే అలవాటు కొద్దీ పెయింటర్‌కి చెప్పేశాను, సబ్బునీళ్లతో కడిగి, లప్పం పెట్టి, ప్రైమర్ కొట్టేయమని. ఏ గోడకైనా మా మొదటి పని అదే. నిన్న గది మూయించి కొట్టేశాడట. ఒక్క మరక మిగల్లేదు. చాలా శ్రద్ధగా చేశాడు, అతన్నేమనను?

మార్చి 10, సాయంత్రం

బావ ఓదార్చడానికొచ్చాడు. మరకలెలా ఉండేవో చెప్పు, అచ్చం అలాగే వేయిస్తా, కావాలంటే ఇంకో పది ఎక్కువే వేయిస్తా అన్నాడు. మంచి మనిషి. నా గదిలోంచి బయటికి పొమ్మన్నాను.

మార్చి 11, మంగళవారం

తెల్లగోడ ముందు కూర్చున్నాను. ఏమీ అడగలేదు, తిట్టనూ లేదు. అలవాటుగా తల ఆనించాను.

లేచి చూస్తే ఉందా లేదా అన్నట్టు ఒక మరక. ప్రైమర్ దేన్నయినా పీల్చుకుంటుంది. పైన రంగు పూస్తేనే గోడ నోరు మూసుకుంటుంది. ఈ సంగతి నాకు పని నేర్చుకున్నప్పటినుంచీ తెలుసు.

బెంచీ ఎక్కి, ఆ మరక దగ్గర్నుంచి పైకప్పు దాకా ఒక నీలం గీత గీశాను. ఇన్నాళ్లకి నా గీత.

మార్చి 14, శుక్రవారం

అక్క, ఆసుపత్రి అడ్మిన్ మేడం ఒకవైపు, నేనొకవైపు. చెప్పేశాను. గోడకి రంగు పుయ్యను. మరక పట్టేలా అలాగే వదిలేస్తాను. ఎవరి తల ఆనితే వాళ్ల మరక నుంచి పైకి ఒక గీత, నా చేత్తో. వారం వారం వస్తాను.

మేం అడిగింది కడుక్కోవడానికి వీలైన గోడ కదమ్మా అన్నారు మేడం. బెంచీ కడగండి, నేల కడగండి, తలుపు కడగండి, ఆ తలల వరస మాత్రం ముట్టుకోవద్దన్నాను. ఎప్పటికి పూర్తవుతుందన్నారు. పూర్తవదన్నాను. అక్క బల్ల కింద నా కాలు తొక్కింది. తొక్కనీ. ఆ సూర్యుణ్ణి మీరు హోటల్లో పెట్టినా, బ్యాంకులో పెట్టినా ఉదయిస్తాడు, ఈ మరకలు ఇక్కడ తప్ప ఇంకెక్కడా పడవన్నాను. గొంతు కాస్త లేచింది. తగ్గించలేదు.

ఒక నెల చూద్దాం, ఒక్క కంప్లైంట్ వచ్చినా సూర్యుడే అన్నారు మేడం.



మార్చి 21, శుక్రవారం

గీతలు పెరుగుతున్నాయి. స్వెటర్ ఆయన కనిపించాడు, ఎండలు ముదిరాయి కాబట్టి స్వెటర్ లేకుండా. తన గీత ఏదని అడిగాడు. చూపించాను. దాని పక్కన కాస్త చోటు వదిలిపెట్టమ్మా, ఆవిడ నిన్న నన్ను పేరు పెట్టి పిలిచింది, లేచి కూర్చోగలిగితే తీసుకొస్తా అన్నాడు.

వదిలిపెట్టాను.

మార్చి 27, గురువారం

అక్క వచ్చింది, చేతిలో టేపుతో. నెల నిండకముందే సూర్యుడికి కొలతలు తీసుకుని పెట్టుకుందామట. ముందుచూపు మా అక్కకే ఉండాలి.

కొలవబోయి బెంచీ మీద కూర్చుంది. అమ్మని ఆసుపత్రిలో పెట్టినప్పుడు మనిద్దరం ఇలాంటి బెంచీ మీదే కదే ఉన్నాం అంది. అవునన్నాను. ఆ గోడ ఏం రంగో ఎంత ఆలోచించినా గుర్తుకి రావడం లేదంది. నాకూ రాలేదు. తల వెనక్కి ఆనించి కళ్లు మూసుకుంది. టేపు ఒళ్లో అలాగే ఉండిపోయింది. నేను కదల్లేదు.

మార్చి 28, శుక్రవారం

అక్క మరక అందరికంటే నల్లగా పడింది. జుట్టుకి రంగేస్తుందని ఇక గోడకి కూడా తెలుసు. ఫోన్లో చెప్తే, ఛీ, తుడిచెయ్యవే అంది.

తుడవను.